కొండ ఉండాల్సిన చోట

ఎల్రాయ్ ఫ్లూగర్ తన బొమ్మను పాత దుప్పటిలో చుట్టి, టీకా వేయించడానికి తెచ్చిన పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకుని వరసలో నిలబడ్డాడు. ఉద్యోగమంతా పాల ట్యాంకరు నడిపిన మనిషి. గేర్లు మార్చి మార్చి కుడిభుజం కాస్త కిందికి వాలింది. అతని వెనకాలే మార్లిస్ ఎంగెబ్రెట్సన్ ఉంది. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది, వేసవి సెలవుల్లో ఖాళీ. ఆవిడ బొమ్మ చెత్త వేసే నల్ల సంచీలో ఉంది. జాతరలో పోటీకి పెట్టడం ఇద్దరికీ ఇదే మొదటిసారి.

కౌంటీ జాతర మర్నాడు మొదలు. ప్రదర్శనల షెడ్డులో ఒక గోడంతా బొంతలు, ఇంకో గోడన జామ్ సీసాలు, మధ్య బల్లలమీద పోటీకొచ్చిన దోసకాయలూ గుమ్మడికాయలూ. చిత్రాల మూల ఆర్డిస్ క్రూగర్ రాజ్యం. ఆవిడకి ముందు ఆ మూలను వాళ్ళమ్మ ఏలింది. అక్కడ ఆవిడ మాటే నిబంధన, నిబంధనే ఆవిడ మాట. చెడ్డమనిషి కాదు. కాకపోతే తూనికరాయిలాంటి మనిషి, ఎవరికోసమూ బరువు తగ్గదు.

"ఏమయ్యా ఎల్రాయ్, నువ్వెప్పుడు మొదలెట్టావు బొమ్మలెయ్యడం?" అంది ఆర్డిస్, కళ్ళజోడు మీంచి చూస్తూ.

"రెండేళ్ళవుతోందండీ." ఎల్రాయ్ దుప్పటి మడతలు ఒక్కొక్కటీ విప్పాడు. నీలం సరస్సు, ఒడ్డున దేవదారు చెట్లు, ఎడమవైపు ఆకాశాన్నంటే కొండ, దాని నెత్తిన మంచు. వరసలో ఎవరో అబ్బో అన్నారు.

"బావుందే! మంచు ఎంత చక్కగా కుదిరిందో. ఎక్కడిదీ కొండ? మనవైపు ఇంత ఎత్తువి లేవుగా."

"నాకేం తెలుసండీ? టీవీలో టీచరమ్మ వేసింది, నేనూ వేశాను." ఎల్రాయ్ మొహం వెలిగిపోయింది. "శనివారం ఒంటిగంటకి వస్తుంది, మన చందాలతో నడిచే ఛానల్లో. మీరూ చూడాలి. మేం ఐదుగురం చర్చి కింద గదిలో కూచుని ఆవిడతోపాటే వేస్తాం. ఆపడం, వెనక్కి తిప్పడం, పక్కవాణ్ణి అడగడం ఏవీ లేవు. పాలు ఆగుతాయా ఎవరికోసమైనా? ఆవిడా అంతే. అరగంటలో ఆవిడదీ అయిపోవాలి, మాదీ అయిపోవాలి."

ఆర్డిస్ చేతిలో కలం ఆగింది. "అంటే ఇది టీవీ చూసి వేసిందా?"

"గీతకి గీత!" అన్నాడు ఎల్రాయ్.

"అయితే తీసుకోడానికి లేదయ్యా. సొంతంగా వేసిందే ఉండాలి. ఒకటి చూసి దించింది పోటీకి రాదు."

"దించలేదండీ. వేశాను." ఎల్రాయ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఎదుటిమనిషికి సరిగ్గా అర్థం కాలేదనుకుని. "కింద కాగితం పెట్టి గీసింది కాదు. ఇదిగో ఈ మంచు అంతా రంగులు పూసే కత్తితో..."

"నిన్ననడం లేదు. మా అమ్మనాటినించీ ఉన్న నిబంధన."

వరసలో వాళ్ళు బొంతలవైపు చూడటం మొదలెట్టారు. ఎల్రాయ్ దుప్పటిని మళ్ళీ చుట్టాడు. విప్పినంత ఓపిగ్గానే చుట్టాడు, నాలుగు కొసలూ లోపలికి మడిచి. తర్వాత పక్కకి జరిగి మార్లిస్‌కి దారిచ్చాడు.

మార్లిస్ నల్లసంచీ లాగింది. అదే ఆకాశం, అదే సరస్సు, అవే దేవదార్లు. ఎడమవైపు మాత్రం కొండ లేదు. ఊరి వాటర్ ట్యాంకు ఉంది, నాలుగు ఇనప కాళ్ళమీద.

ఆర్డిస్ కలం పక్కన పెట్టేసింది. "ఇది మన ట్యాంకే! ఆ పాతది! తీసుకొచ్చి సరస్సు ఒడ్డున నిలబెట్టావా? నీకెలా తోచింది తల్లీ?"

ఎలా తోచిందో మార్లిస్‌కి బాగా తెలుసు. ఆ శనివారం ఎల్రాయ్ మోచెయ్యి తగిలి రంగులు కడిగే టర్పెంటైన్ డబ్బా దొర్లింది. పాస్టరుగారి భార్య అంతకు ముందు రోజే ఆ గది నేలకి మైనం పట్టించింది. "నువ్వు కానీ, నేను తుడుస్తాలే" అని మార్లిస్ గుడ్డలు పట్టుకుని బల్లకిందికి దూరింది. లేచి చూసేసరికి టీవీలో కొండ అయిపోయింది, టీచరమ్మ చెట్లకి వెళ్ళిపోయింది. అడక్కూడదు. ఏ రంగు కలపాలో, కత్తి ఎలా పట్టాలో చూడనే లేదు. ఎడమవైపు పన్నూడిన చోటులా ఖాళీ. తలెత్తితే గది కిటికీలోంచి ట్యాంకు కాళ్ళు కనిపించాయి. కనిపించిందే పెట్టేసింది. తోచి కాదు, చేతకాక.

ఆ మాటే చెబుదామని నోరు తెరిచింది. ఆర్డిస్ అప్పటికే చీటీ రాసి బొమ్మకి గుచ్చేసింది. "వెళ్ళిరా. రేపు పదింటికి తీర్పు" అంది. టీవీ సంగతి అడగలేదు. మార్లిస్ చెప్పలేదు. అడక్కపోతే చెప్పకపోవడం అబద్ధం కాదని మనకందరికీ చిన్నప్పుడే తెలుసు. అయినా కాళ్ళు మాత్రం అక్కడే కాసేపు అతుక్కుపోయాయి.

బయట తలుపు పట్టుకుని ఎల్రాయ్ నిలబడి ఉన్నాడు, చంకలో దుప్పటి మూట. "తీసుకుందా? భేష్!" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే మార్లిస్‌కి అన్నం దగ్గర కూడా గుర్తొచ్చింది.

*

తీర్పు జనం ముందే చెప్పడం ఆ జాతర ఆనవాయితీ. పట్నం కాలేజీనించి వచ్చిన న్యాయనిర్ణేత పొడుగ్గా, పెద్దగొంతుతో ఉన్నాడు. ఒక్కో బొమ్మ ముందూ ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, దాన్ని చివాట్లు పెడుతున్నట్టు మాట్లాడుతున్నాడు. మార్లిస్ జనం వెనక జానెల్ పక్కన నిలబడింది. జానెల్ శనివారం ముఠాలో అందరికంటే చిన్నది. జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది, నోటికి తాళం ఉండదు.

ఆయన ట్యాంకు బొమ్మ ముందు చాలాసేపు ఆగాడు. మార్లిస్ చెమటపట్టిన చేతుల్ని ప్యాంటుకి తుడుచుకుంది. ఆ ఆకాశం ఎక్కడో చూశానంటాడు. ఆ చెట్లు ఎక్కడో చూశానంటాడు. ఆయన ఇంట్లో టీవీ ఉండదా?

"ఇలాంటి సరస్సులు వెయ్యి చూశాం," అన్నాడాయన. "ప్రతి సరస్సుకీ ఎడమవైపు ఒక కొండ. ఈ చిత్రకారిణికి కొండ వెయ్యడం రాక కాదు. చూడండి ఈ చెట్ల మీద ఎంత పట్టు ఉందో. ఆవిడ కొండని నిరాకరించింది! అందం అనుకునే చోట మన అవసరాన్ని నిలబెట్టింది." అన్నిట్లోకీ మేటి బొమ్మకిచ్చే ఊదారంగు రిబ్బన్ తీసి దానికి తగిలించాడు. జనం చప్పట్లు కొట్టారు.

"నిరాకరించావటే!" జానెల్ మోచేత్తో పొడిచింది. "నాతో ఒక్కమాటైనా అనలేదు. నేను కూడా నా వంటింటి సింకుని నిరాకరించేదాన్ని."

"ఊరుకో. నేను వెళ్ళి చెప్పేస్తాను. మనం టీవీ చూసి వేశామని."

"పిచ్చా? అడిగితేగా చెప్పడం! నువ్వు రిబ్బన్ ఇచ్చేస్తే క్రూగరమ్మ దాన్ని ఆ పిల్లికూనల బొమ్మకి పెడుతుంది. ఎవడికి లాభం?"

జనంలోంచి ఎల్రాయ్ వచ్చాడు, వేయించిన చీజ్ ముక్కల పొట్లం పట్టుకుని. మార్లిస్ ముందు పొట్లం చాపాడు. ఆవిడ ఒకటి తీసుకుంది, నోట్లో పెట్టుకోలేదు.

"విన్నావా ఆయన మాట? అందరం ఒక్కటే చూశాం. నీకొక్కదానికే అది తోచింది," అన్నాడు ఎల్రాయ్. "నేను రాత్రి ఆలోచించాను మార్లిస్. ఆర్డిస్ అన్నది నిజమే. నాది దించిన సరుకే. టీచరమ్మ పసుపంటే పసుపు, కత్తంటే కత్తి. బొమ్మంటే నీదీ."

"అలా అనకు ఎల్రాయ్."

"ఉన్నమాట. అరవై దాటాక బొమ్మలెయ్యడం వచ్చిందని మురిసిపోయాను. చెప్పినచోటికి బండి తోలడమే నాకు వచ్చు. అదే ఇక్కడా చేశాను." ఇంకో ముక్క నమిలాడు. "శనివారం నాకోసం కుర్చీ వెయ్యకండి. గడ్డి కోతలున్నాయి మా తమ్ముడి దగ్గర."

వాళ్ళ తమ్ముడు భూమి కౌలుకిచ్చేసి ఎన్నాళ్ళయిందో ముగ్గురికీ తెలుసు.

అతను వెళ్ళగానే ఆర్డిస్ హడావిడిగా వచ్చింది. "మార్లిస్, శుక్రవారం మంచి చొక్కా వేసుకుని రా. ఛానల్ వాళ్ళు వస్తున్నారు. మనవైపు కళలమీద నెలనెలా అరగంట వేస్తారు చూడు, దాంట్లో నీ బొమ్మ చూపిస్తారట. నిన్ను నాలుగు మాటలు అడుగుతారు."

"ఏం అడుగుతారు?"

"ఏముంటాయి? ఎక్కడ నేర్చుకున్నావు, ఎలా తోచింది. అవే."

మార్లిస్ చేతిలో చీజ్ ముక్క చల్లారి జిడ్డు కారింది.

*

గురువారం పొద్దున్నుంచీ ఆవిడ చేతులు ఏ పనీ పట్టుకోలేదు. గిన్నెలు కడుగుతూ, ఎక్కడ నేర్చుకున్నారు అని తనే అడిగి, ఊరికే ఇంట్లోనే అని జవాబు చెప్పి చూసింది. అబద్ధం. టీవీలో అని చెప్పి చూసింది. అప్పుడు రిబ్బన్ పోతుంది, అందరూ చూస్తారు, ఛానల్లో కూడా వస్తుంది. అది పోయినా ఫరవాలేదు. కానీ ఎల్రాయ్‌ని వెనక్కి పంపినప్పుడు పక్కనే నిలబడి నోరు మూసుకుంది అని కూడా తెలుస్తుంది. ఆ సంగతి ముందుగా ఎల్రాయ్‌కి తన నోటినుంచే తెలియాలి. ఆ మాత్రం చెయ్యకపోతే మనిషి జన్మ ఎందుకనుకుని బండి తీసింది.

ఎల్రాయ్ గ్యారేజీ తలుపు ఎత్తి ఉంది. అతను గడ్డి కోసే యంత్రాన్ని ఒక పక్కకి వంచి బ్లేడు విప్పుతున్నాడు.

"రా, రా. గుమ్మడికాయలు పట్టుకెళ్ళు. ఈ యేడు పాదు పిచ్చెక్కినట్టు కాస్తోంది. ఊళ్ళో ఎవరూ నన్ను చూసి ఆగడం లేదు, కాయలిస్తానని."

"ఎల్రాయ్, నీతో ఒక మాట చెప్పాలని వచ్చాను."

"చెప్పు." బ్లేడు ఊడింది. అతను దాన్ని తీసి వెలుతురుకేసి పట్టి అంచు చూశాడు.

అప్పుడు మార్లిస్ కిందికి చూసింది. యంత్రంలోంచి కారే నల్లనూనె నేలమీద పడకుండా అడుగున ఒక పలక పెట్టి ఉంది. పలక కాదు. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ. ఒక మూల నీలం కనిపిస్తోంది. కొండ మీది మంచులోకి నూనె బొట్టు బొట్టుగా పడి, వెడల్పుగా పాకుతోంది.

ఆవిడ చూపు ఎటు పోయిందో అతను గమనించాడు. "మంచి గుడ్డ. పీల్చుకోదు," అన్నాడు.

"ఎల్రాయ్!"

"ఏం చెయ్యమంటావు మరి? గోడకి పెట్టుకుని, రోజూ పొద్దున్నే చూసి, ఇది నేను వెయ్యలేదు అనుకోనా?" గట్టిగా అనలేదు. బ్లేడు ఆకురాయి మీద పెట్టి రుద్దడం మొదలెట్టాడు. ఆ రొదలో మాట్లాడటానికి కుదరదు. మార్లిస్ అది ఆగేదాకా నిలబడాలనుకుంది. ఆగింది. అతను తలెత్తి, "ఏదో చెప్తానన్నావు?" అన్నాడు.

నేను కొండ నిరాకరించలేదు, నాకు రాలేదు. ఈ నాలుగు ముక్కలూ నాలిక చివరిదాకా వచ్చాయి. అవి చెబితే ఇప్పుడేమవుతుంది? నూనెలో తడిసిన కొండ తిరిగి వస్తుందా? ముందే చెప్పి ఉంటే ఈ గుడ్డ ఇక్కడికి వచ్చేది కాదు గదా అనిపించింది.

"రేపు టీవీ వాళ్ళు వస్తారట," అంది చివరికి.

"జానెల్ చెప్పింది. వస్తాను చూడ్డానికి. మన గదిలోంచి ఒకరు టీవీ ఎక్కుతుంటే రానా?"

ఆవిడ నాలుగు గుమ్మడికాయలు పట్టుకుని ఇంటికొచ్చింది. ఒక్కోటీ తలకాయంత ఉంది. వంటింటి బల్లమీద పెట్టి, వాటి ముందే కూచుని, తన మీద తనకే అసహ్యం వేసి ఏడ్చింది.

*

ఛానల్‌నించి వచ్చినవాళ్ళు ఇద్దరే. కెమెరా మోసే గడ్డపాయన ఒకడు, ప్రశ్నలడిగే కెల్సీ అనే అమ్మాయి. షెడ్డు పక్కనే మేకల పాక. కెల్సీ మార్లిస్‌ని బొమ్మ పక్కన నిలబెట్టి, కాలరుకి చిన్న మైకు గుచ్చి, "నన్నే చూస్తూ మాట్లాడండి, కెమెరా ఉన్న సంగతి మర్చిపోండి" అంది. తాడు అవతల జనం మూగారు. ఆర్డిస్ ముందు వరసలో, మెడలో ముత్యాలు వేసుకుని. జానెల్ పక్కన ఎల్రాయ్, ఇస్త్రీ చొక్కాలో. కానీ అతను కాసేపటికే చేతిగడియారం చూసుకుని, మందులవేళయిందని జానెల్ చెవిలో చెప్పి వెళ్ళిపోయాడు. మార్లిస్ అతని వీపు గుమ్మం దాటేదాకా చూసింది.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అడిగింది కెల్సీ.

మార్లిస్ గుండె మేకలకి కూడా వినిపించేలా కొట్టుకుంది. "టీవీలో," అంది. "మీ ఛానల్లోనే. శనివారం ఒంటిగంటకి టీచరమ్మ వస్తుంది. ఈ బొమ్మ ఆవిడదే. ఆకాశం ఆవిడది, చెట్లు ఆవిడవి. ఈ ట్యాంకున్న చోట ఆవిడ కొండ వేసింది. నేనప్పుడు బల్లకింద నేల తుడుస్తున్నాను. లేచేసరికి కొండ అయిపోయింది. నాకు వెయ్యడం రాక, కిటికీలో కనిపించింది పెట్టాను. నేనేదీ నిరాకరించలేదు. నా స్నేహితుడు ఎల్రాయ్ మొత్తం సరిగ్గా వేశాడు. అతన్ని వెనక్కి పంపారు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను."

పాకలో మేక ఒకటి గట్టిగా అరిచింది.

"అద్భుతం!" కెల్సీ ఎగిరి గంతేసినంత పని చేసింది. "మా ఛానల్ చూసే! అయ్యో, మేక అరుపు కూడా రికార్డయిపోయింది. ఇంకోసారి చెప్తారా, అచ్చం ఇలాగే?"

చెప్పింది. రెండోసారి బల్లకింద అన్నచోట ఎవరో నవ్వారు. గడ్డపాయన దీపం సర్దుకుని మరోసారి అన్నాడు. మూడోసారి చెప్పేసరికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వొస్తుందో మార్లిస్ నోటికి తనంతట తనే తెలిసిపోయింది. జనం పడిపడి నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. నిన్న రాత్రంతా నిద్రపట్టనివ్వని మాట పెళ్ళిలో చెప్పుకునే కబురులా తయారైంది. ఎల్రాయ్ పేరు చెప్పిన ముక్క పొడుగవుతోందని కెల్సీయే వదిలెయ్యమంది.

మైకు తియ్యగానే మార్లిస్ నేరుగా ఆర్డిస్ దగ్గరికి వెళ్ళింది. "రిబ్బన్ తీసెయ్యండి."

ఆర్డిస్ ముత్యాలు సర్దుకుంది. ఆవిడ మొహం ఎర్రబడి ఉంది, అయినా కళ్ళు లెక్క చూసుకుంటున్నాయి. "టీవీలో ఆ చోట ఏముందన్నావు?"

"కొండ."

"నువ్వు వేసిందేమిటి?"

"ట్యాంకు."

"మరి దించిందెక్కడ? ఆకాశం అందరిదీ ఒకటే. ఆవిడ చెప్పినట్టు చేసి ఉంటే ఈ నిమిషంలో గోడమీంచి తీసేసేదాన్ని, మా చెల్లెలి బొమ్మైనా సరే. నువ్వు చెప్పినట్టు చెయ్యలేదుగా."

"చేద్దామనే అనుకున్నానండీ! చేతకాలేదు!"

"గోడకి వేలాడేది బొమ్మ. నీ ఉద్దేశం కాదు."

"అయితే ఎల్రాయ్‌ది?"

ఆర్డిస్ నిట్టూర్చింది. ఈసారి గొంతు తగ్గించింది. "అతను ఒక్కటి కూడా వదల్లేదు మార్లిస్. వచ్చిన గొడవంతా అదే."

తప్పు ఒప్పుకుంటే తేలికపడతామంటారు. మార్లిస్ ఒప్పుకుంది, రిబ్బన్ ఇంకా గట్టిగా అతుక్కుంది. ఇప్పుడది నిబంధన ప్రకారం కూడా తనదే. చేతకానితనానికి ఊదారంగు రిబ్బన్, చేతనైనవాడి కొండమీద నల్లనూనె. షెడ్డు బయట ఎండలో నిలబడి ఆవిడకి ఏడుపు కాదు, ఒళ్ళుమండిపోయేంత కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు.

*

ఆ కోపంతోనే ఎల్రాయ్ గుమ్మంలోకి వెళ్ళింది. అతను వరండాలో మొక్కజొన్న పొత్తులు ఒలుస్తున్నాడు. ఆవిడ కూచోలేదు. మెట్టు మీదే నిలబడి మొత్తం చెప్పింది. డబ్బా, గుడ్డలు, కిటికీ, ఆర్డిస్ తీర్పు, అన్నీ. ఈసారి ఎక్కడా నవ్వురాకుండా చెప్పింది.

ఎల్రాయ్ ఒలుస్తున్న పొత్తు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంటే సరిగ్గా వెయ్యడం నా తప్పన్నమాట."

"తప్పు కాదు ఎల్రాయ్. నీది బొమ్మే. నాది ఎంతో నీదీ అంతే. అది చెబుదామనే వచ్చాను. నిన్నే చెప్పాల్సింది. అసలు ఆ మొదటిరోజే వరసలో చెప్పాల్సింది."

అతను పొత్తుమీది పీచు ఒక్కొక్కటే లాగాడు. "ఆ డబ్బా నాది," అన్నాడు.

"అయితే ఏం?"

"నువ్వు కింద ఉన్నావని నాకు తెలుసు. నా కాలికి నీ చెయ్యి తగిలింది కూడా. కిందికి చూస్తే కొండ పోతుందని చూడలేదు." పొత్తుని గంపలో వెయ్యబోయి ఆగాడు. "నా టర్పెంటైన్ నువ్వు తుడుస్తుంటే నేను మంచు పూసుకుంటున్నాను. తర్వాతైనా, ఇదిగో ఇలా వెయ్యి అని చెప్పొచ్చు. చెప్పలేదు. పాలు ఆగవు అని కబుర్లు చెప్పేవాణ్ణి నేనేగా."

ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ అటునించి చూడలేదు.

"వెళ్ళు మార్లిస్," అన్నాడు ఎల్రాయ్, లోపలికి లేస్తూ. తలుపు వెయ్యలేదు, దోమల జాలీ మాత్రం వేశాడు. అది కోపమో, సిగ్గో, రెండూనో ఆవిడకి తెలియలేదు. శనివారం వస్తావా అని అడక్కుండానే మెట్టు దిగింది.

*

చర్చి కింద గదిలో టీవీ నీళ్ళ హీటరు పక్కన చక్రాల బల్లమీద ఉంటుంది. శనివారం జానెల్ దాని నెత్తిమీది యాంటెన్నా చెవులు అటూఇటూ తిప్పి తెరమీద బొమ్మ నిలబెట్టింది. మార్లిస్ ఐదు కుర్చీలూ వేసింది. ఎల్రాయ్ వద్దన్న కుర్చీ కూడా, తన పక్కన, ఎప్పటి చోటే. అందరూ గుడ్డలకి తెల్లరంగు పల్చగా పట్టించి, కుంచెలు వరసగా పెట్టుకున్నారు. మార్లిస్ తెల్లరంగు పట్టించినచోటే మళ్ళీ మళ్ళీ పట్టిస్తోంది. మెట్లమీద అడుగు వినిపించినప్పుడల్లా చెయ్యి ఆగుతోంది. ఒకసారి పాస్టరుగారి భార్య, ఒకసారి ఎవరి పిల్లో.

"వస్తాడ్లే," అంది జానెల్. తర్వాత, "రాకపోతే నేను వెళ్ళి చెవి పట్టుకుని లాక్కొస్తా" అంది. ఆమె గొంతులో కూడా సరదా లేదు.

సంగీతం మొదలైంది. టీచరమ్మ కళ్ళజోడు గొలుసు సర్దుకుని, పలకరింపుగా తలాడించి, వెంటనే కుంచె ఎత్తింది. ఆకాశం మొదలెట్టేసింది. నలుగురూ మొదలెట్టారు. మార్లిస్ చెయ్యి వెళ్తోంది గానీ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. ఆకాశం సగమయింది.

తలుపు తోసుకుని ఎల్రాయ్ వచ్చాడు. చంకలో కొత్త గుడ్డ. ఎవర్నీ పలకరించలేదు. తన కుర్చీ దగ్గరికి వచ్చి, దాన్ని ఎత్తి, గిరుక్కున తిప్పి, టీవీకి వీపు పెట్టి కూచున్నాడు. బొమ్మ నిలిపే చట్రాన్ని కూడా అటే తిప్పుకున్నాడు. ఇప్పుడతను మార్లిస్ పక్కనే, ఆవిడకి ఎదురుమొహంగా ఉన్నాడు.

"టీవీ ఇటుంది తాతా!" అంది జానెల్.

"తెలుసు. చెవులు పనిచేస్తున్నాయి."

నీలం కలిపి ఆకాశం పూశాడు. టీచరమ్మ కింద పసుపు అంది, పూశాడు. కాసేపు బాగానే నడిచింది. తర్వాత ఆవిడ, "ఇప్పుడు దీన్ని ఇక్కడ, ఇలా" అంది. "మళ్ళీ ఇలా, దీని పక్కన." మాటల్లో అంతకంటే ఏమీ లేదు.

ఎల్రాయ్ కుంచె గాల్లో ఆగింది. నుదుటిమీద చెమట పట్టింది. మెడ కొంచెం తిరగబోయి, అతనే బిగబట్టి నిలుపుకున్నాడు. నలుగురి కుంచెలూ గుడ్డలమీద గరగరలాడుతున్నాయి. ఆ గదిలో రెండేళ్ళుగా, కార్యక్రమం నడుస్తుండగా ఒకరినొకరు ఏమీ అడిగింది లేదు.

"మార్లిస్," అన్నాడతను, మెల్లిగా. "ఏం పెడుతోంది?"

మార్లిస్ కుంచె కింద పెట్టేసింది. "చెట్టు. పెద్దది."

"ఎటువైపు?"

ఆవిడ టీవీకేసి చూసింది. చెట్టు కుడివైపు లేస్తోంది, కొమ్మకి కొమ్మ, చకచకా. తర్వాత ఎల్రాయ్ చేతికేసి చూసింది. ముదురాకుపచ్చ కుంచె చివర కూడుకుని, జారడానికి సిద్ధంగా ఉంది.

"చెప్పను," అంది. "నీకెటు కావాలంటే అటు పెట్టుకో."

ఎల్రాయ్ ఆవిడ మొహంలోకి చూశాడు, నీ బండికి బ్రేకులు తీసేశానని ఆవిడ చెప్పినట్టు. మార్లిస్ కళ్ళు తిప్పుకోలేదు. టీవీలో చెట్టు అయిపోయింది. దాని నీడ అయిపోయింది. టీచరమ్మ ఇంకెక్కడికో వెళ్ళిపోయింది. జానెల్ కూడా చెయ్యి ఆపి ఇటు చూస్తోంది.

అతను తన గుడ్డ మీద ఒకవైపు చూశాడు, ఇంకోవైపు చూశాడు. కుంచె ఒకచోటికి వెళ్ళి, వద్దనుకుని, వెనక్కి వచ్చింది. "తొందరేం లేదు," అంది మార్లిస్. అతను తలూపి, చొక్కా చేత్తో నుదురు తుడుచుకుని, మళ్ళీ గుడ్డకేసి వంగాడు.